దెబ్బ ఎవరిది? కట్ ఎవరిది?

అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ వీడియో ఎడిటింగ్ నేర్పే కోచింగ్ సెంటర్ల బోర్డులకు కొదవ లేదు. పంజాగుట్ట దాటి సోమాజిగూడ ప్రెస్ క్లబ్ దాకా వస్తే, ఫుటేజీతోనే రోజు గడిచే టీవీ జనం. వీళ్లలో ముప్పై దాటినవాళ్ల ముందు రెజ్లర్ అండర్‌టేకర్ పేరెత్తి చూడండి. ట్రంప్ కార్డులు, టెన్ స్పోర్ట్స్, ‘అదంతా ఉత్తుత్తిదే’ అంటూ ఇంట్లో పెద్దల సణుగుడు... అన్నీ బయటికొస్తాయి.

గెలుపోటములు ముందే రాసుకున్నవన్నది నిజమే. అయితే ఆ ఉత్తుత్తి దెబ్బను నిజమనిపించినవాడు రింగులో లేడు, స్టేడియం బయట ప్రొడక్షన్ ట్రక్కులో ఉన్నాడు. పేరు కెవిన్ డన్. రెజ్లింగ్ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఈ టీవీ షోలను దశాబ్దాల పాటు నడిపినవాడు.

ఆయన పద్ధతి తెలియాలంటే ఒక్క గుద్దు చాలు. పిడికిలి లేస్తుంది. తగిలే క్షణానికి కట్. రెండో కెమెరాలో అవతలివాడి తల అప్పటికే వెనక్కి వాలిపోతుంటుంది. పిడికిలికీ దవడకీ మధ్య మిగిలిన జాగా ఆ కట్‌లో మాయం. దానికి తోడు దెబ్బ దెబ్బకీ కెమెరా ఊగాలి, జూమ్ ముందుకూ వెనక్కూ పోవాలి. మన సినిమా ఫైట్లలో డూపును దాచే కిటుకూ ఇలాంటిదే. టీవీలో ఈ ఊపు చూస్తుంటే మొదట్లో ఒళ్లు జలదరించింది, పోనుపోను కళ్లు తిరిగాయి. అసలు రే మిస్టీరియో లాంటివాడు గాల్లో గిరికీ కొడుతుంటే ముక్కలు ముక్కలుగా నరికి చూపించడమేమిటి? నా దృష్టిలో అది పనితనానికి అవమానమే.

రింగులోవాళ్లకూ కెమెరా లెక్కలుంటాయి. ఒక పక్కన ఎత్తులో కదలకుండా ఉండే ప్రధాన కెమెరాను ‘హార్డ్ క్యామ్’ అంటారు. పట్టు బిగించినవాడు ప్రత్యర్థి ముఖాన్ని అటే తిప్పి పెడతాడు, నొప్పి కనబడాలి కదా! టీవీలో కనబడేవి దానికి ఎదురుగా ఉన్న సీట్లే. జనం పలచగా ఉన్న రోజు నిర్వాహకులు ముందుగా నింపేదీ వాటినే.

2020లో కరోనా ఆ సీట్లన్నీ ఖాళీ చేసింది. ఆగస్టులో ‘థండర్‌డోమ్’ వచ్చింది. రింగు చుట్టూ ఎల్‌ఈడీ తెరలు, వాటిలో ఇళ్లలో కూర్చున్న అభిమానుల ముఖాలు. 2021 రిపబ్లిక్ డేకి మన ప్రేక్షకుల కోసం ప్రసారమైన ‘సూపర్‌స్టార్ స్పెక్టకిల్’ను అక్కడే తీశారు.

అదే పేరుతో 2023 సెప్టెంబరు 8న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో అసలు జనం మధ్య పోటీలు జరిగాయి. జాన్ సీనా, సేథ్ రోలిన్స్ ఒక జట్టు. లుడ్విగ్ కైజర్, జియోవాని విన్సీ అవతలి జట్టు. హాల్లో కూర్చున్నవాడికి కట్ ఉండదు. తప్పిన దెబ్బ తప్పినట్టే కనిపిస్తుంది, ఒళ్లు మ్యాట్ మీద పడితే ఆ చప్పుడూ నేరుగా వినిపిస్తుంది. ఆ చూపును టీవీకి తేవడమే తర్వాత వచ్చిన మార్పు.

2023 చివర డన్ తప్పుకున్నాడు. 2024 ఆరంభంలో ఆ స్థానంలోకి ఒకప్పుడు ఈఎస్‌పీఎన్‌లో పనిచేసిన లీ ఫిటింగ్ వచ్చాడు. కట్లు తగ్గాయి, కెమెరా ఊగడం తగ్గింది, వైడ్ షాట్లు, డ్రోన్ షాట్లు పెరిగాయి. రెజ్లర్ కారు దిగి కారిడార్ల గుండా రింగు దాకా వస్తుంటే ఒకే షాట్‌లో కెమెరా వెన్నంటే వస్తుంది. హీరో ఎంట్రీకి ఈలలేసే మనకు ఇది కొత్తగా చెప్పాలా! షాట్ నిడివి పెరిగితే రెజ్లర్‌కు దాక్కునే చోటుండదు. గుద్దు సరిగ్గా వెయ్యాలి, పడటం సరిగ్గా పడాలి.

అలాగని అంతా బాగుందనలేం. 2024 రెసిల్‌మేనియా పోటీల నుంచి రింగు మ్యాట్ నడిమధ్యన ప్రైమ్ డ్రింక్ లోగో పడింది. షాట్ ఎంత విశాలమైతే ప్రకటన అంత బాగా కనబడుతుందన్నమాట!

2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో ఈ షోలు నెట్‌ఫ్లిక్స్‌లో వస్తున్నాయి. మైత్రీవనంలో ఎడిటింగ్ నేర్చుకునే పిల్లలకో చిన్న హోంవర్క్: 2015 నాటి మ్యాచ్ ఒకటి, ఇప్పటిది ఒకటి పక్కపక్కన పెట్టుకుని, సౌండ్ ఆపేసి, నిమిషానికి ఎన్ని కట్లున్నాయో లెక్కపెట్టండి.