బ్యారన్ ముందు కట్టెల దొంతర: లెక్కలోకి రాని చెమట

పుష్య మాసం. మెట్ట చేల మీద మంచు ఇంకా విడవలేదు. పక్క మనిషి మొహం కనపడని వేళకే పొగాకు బ్యారన్ ముందు ట్రాక్టరు ఆగుతుంది. ట్రక్కు నిండా సర్కారు తుమ్మ కట్టె. రాత్రంతా మంచుకు తడిసి జారుడుగా ఉంటుంది. వెంట వచ్చిన కూలీలు తలగుడ్డలు బిగిస్తారు. వేళ్లు కొంకర్లు పోతుంటాయి. మొదటి మొద్దు భుజాన పడ్డాక ఇక చలి సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఒంగోలు, కొండపి, కందుకూరు వైపు వెళ్లినా, జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, దేవరపల్లి మెట్టకు వెళ్లినా చలికాలంలో ఇదే దృశ్యం. ఆకు కోతకొచ్చే నాటికి బ్యారన్ పక్కన కట్టె పేర్చి ఉండాలి. పొయ్యి ఒకసారి రాజేస్తే అయిదారు రోజులు రాత్రింబవళ్లు ఆరకూడదు. ఆకు పండాలి, రంగు నిలవాలి, చివరకు ఈనె కూడా ఎండాలి. ఆఖరి దశలో బ్యారన్ లోపల వేడి 160 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా పోతుంది. నడిరాత్రి కట్టె అయిపోతే బ్యారన్‌లో ఉన్న ఆకంతా చెడుతుంది.

ఆ కట్టె ఎంతో, దాన్ని ఎన్నిసార్లు ఎత్తాలో ఎప్పుడైనా లెక్క వేశామా?

కిలో ఆకు కాల్చాలంటే సుమారు అయిదు కిలోల కట్టె కావాలి. ఒక బ్యారన్‌లో సీజను మొత్తానికి 3,000 కిలోల ఆకు కాల్చారనుకోండి. 15 టన్నుల కట్టె కావాలి. మనిషి మోపుకు 30 కిలోలు మోస్తే 500 మోపులు. అంతటితో పోలేదు. నరికిన చోట ఒకసారి పోగు వేయాలి, ట్రక్కుకు ఎత్తాలి, బ్యారన్ దగ్గర దించాలి, దొంతర పేర్చాలి, తిరిగి పొయ్యి దగ్గరికి చేర్చాలి. అదే కట్టె అయిదుసార్లు మనిషి చేతుల మీదుగా పోతుంది. అంటే ఒక్క బ్యారన్ కోసం కూలీలు ఎత్తి దించే బరువు 75 టన్నులు! పెట్టుబడి లెక్కలో మాత్రం ‘కట్టె ఖర్చు’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. ఆ ముక్కలో ఎన్ని నడుములు విరిగాయో ఎవరూ రాయరు.

కట్టె పేర్చడం తేలికైన పనని చూసేవాళ్లు అనుకుంటారు. కాదు. నేల చెమ్మ తగలకుండా అడుగున రెండు పొడవాటి దుంగలు వేయాలి. మొద్దులు కింద, సన్నకట్టె పైన. గాలి ఆడేట్టు ఒక వరస నిలువు, ఒక వరస అడ్డం. పచ్చికట్టె, ఎండుకట్టె కలపకూడదు. ఎండినది బయటి వైపు, ముందు పొయ్యిలోకి పోయేట్టు ఉండాలి. అంచులు సరిగ్గా కట్టకపోతే దొంతర మొత్తం మనిషి మీదికే జారుతుంది. ఇదంతా ఏ బడిలోనూ నేర్పరు. ఒళ్లు అరగదీసుకుని నేర్చుకున్న పనితనం. ఈ పనితనానికి కూలీ చీటీలో పేరు లేదు.

కూలీ ఇచ్చే తీరులోనే అసలు మోసం ఉంది. చాలా చోట్ల ట్రక్కు లెక్కన బేరం. పచ్చికట్టెలో మూడో వంతు నుంచి సగం దాకా బరువు నీళ్లదే. అదే ట్రక్కు, అదే ఎత్తు. ఎండుకట్టె అయితే ఒక బరువు, పచ్చిదైతే ఇంకో బరువు. కూలీ మాత్రం ఒక్కటే! కట్టె అమ్మేవాడు కాటా వేసి పచ్చికట్టె నీళ్లకు కూడా డబ్బు తీసుకుంటాడు. ఆ నీళ్లు మోసిన మనిషికి మాత్రం కాటా లేదు. సరుకు కొనడానికి ఒక కొలత, చెమట కొనడానికి ఇంకో కొలతా?

దీనిపైన మేస్త్రీ కోత. సీజనుకు ముందే అడ్వాన్సు తీసుకున్నవాళ్లు రేటు మాట ఎత్తలేరు. “మా దగ్గర బాకీ ఉండి రేటు అడుగుతావేందిరా” అంటారు. బాకీ పేరుతో మనిషిని కట్టి పడేసే వెట్టిని 1976 చట్టం రద్దు చేసింది. పని వదిలిపోనివ్వని అడ్వాన్సు ఆ చట్టం కిందికే వస్తుందని మన వాళ్లలో ఎంతమందికి తెలుసు?

ఆడవాళ్ల సంగతి వేరే చెప్పాలి. మగవాళ్లు ట్రక్కు మీద నుంచి దించుతుంటే చుట్టకుదురు పెట్టుకుని దొంతర దాకా మోసేది ఆడవాళ్లే. “వాళ్లది చిన్న పని” అని కూలీ తగ్గిస్తారు. స్త్రీ పురుషులకు సమాన వేతనమని 1976లోనే చట్టం వచ్చింది. దాన్ని 2019 నాటి వేతనాల కోడ్‌లో కలిపేసి 2025 నవంబరు నుంచి అమలులోకి తెచ్చారు. ఈ కోడ్‌ల మీద కార్మిక సంఘాల అభ్యంతరాలు అలాగే ఉన్నాయి. అయినా ఒకే రకం పనికి ఆడా మగా తేడా చూపకూడదన్న మాట చట్టంలో మిగిలే ఉంది. మిగలనిదల్లా అడిగే ధైర్యమే.

సర్కారు తుమ్మ ముల్లు అరికాల్లో విరిగితే చీము పట్టి వారం రోజులు మంచాన పడాల్సిందే. దొంతర సందుల్లో తేళ్లు, పాములు చేరతాయి. వెచ్చదనానికి చలికాలంలో అవీ అక్కడికే వస్తాయి. ముల్లు దిగినా, దుంగ కాలి మీద పడ్డా ఆ రోజు కూలీ పోతుంది, మందు ఖర్చు సొంతం. పొగాకు బోర్డు 1976లో ఏర్పడింది. రైతుకు రిజిస్ట్రేషన్ ఉంది. బ్యారన్‌కు లైసెన్సు ఉంది. వేలం కేంద్రానికి వెళ్లిన ప్రతి బేలుకూ నంబరు ఉంది. ఆ ఆకును కాల్చిన కట్టె మోసిన మనిషికి ఏ నంబరూ లేదు.

ఇక్కడ ఒక సంగతి మరవకూడదు. బ్యారన్ రైతులంతా మోతుబరులు కారు. బ్యారన్ అద్దెకు తీసుకుని, చేను కౌలుకు చేసి, కట్టె అప్పు మీద కొనే చిన్న రైతులు చాలామంది. 2015లో ధర పడిపోయినప్పుడు ప్రకాశం జిల్లాలో పొగాకు రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆకు ధర నిర్ణయించేది వేలంలో పాడే కంపెనీలు. అక్కడ దెబ్బ తిన్న రైతు ఆ బరువు కూలీ మీదికి నెడతాడు. చిన్న రైతుకు గిట్టుబాటు ధర రావాలన్న పోరాటమూ, కూలీకి న్యాయమైన రేటు రావాలన్న పోరాటమూ ఒకదానికొకటి శత్రువులు కావు. రెండింటికీ ఎదుట ఉన్నది ఒక్కరే.

మరి ఈ సీజనులోనే ఏం చేయొచ్చు? ట్రాక్టరు కదలక ముందే రేటు తేల్చుకోవాలి, తర్వాత కాదు. ట్రక్కు లెక్క వద్దు, టన్ను లెక్క కావాలి. అమ్మేవాడికిచ్చిన కాటా చీటీ కూలీల జట్టుకూ చూపించాలి. ఎత్తడం, దించడం, పేర్చడం మూడూ వేర్వేరు పనులని ఒప్పుకోవాలి. ఆడవాళ్లకూ అదే రేటు. దొంతర మనిషి తల ఎత్తు దాటకూడదు. చేతులకు తొడుగులు, కాళ్లకు గట్టి చెప్పులు, దెబ్బ తగిలితే వైద్యం పని పెట్టినవాళ్లదే.

ఇవేమీ గొంతెమ్మ కోరికలు కావు. ఒక్కడు అడిగితే రేపటి నుంచి ట్రాక్టరు ఎక్కనివ్వరు. జట్టు మొత్తం అడిగితే, పక్క ఊరి జట్టు కూడా అదే రేటు మీద నిలబడితే, పొయ్యి వెలిగించక తప్పని వాళ్లు దిగి రాక తప్పదు. ఆకు కోతకొచ్చాక బ్యారన్ ఆగదు. మన బలం ఆ రోజుల్లోనే ఉంది. ఈలోపే ఊరూరా కూర్చుని మాట్లాడుకోవాలి.