చూపు బారెడు, ప్రాణం బెత్తెడు

నేలపట్టు పక్షుల అభయారణ్యం, చలికాలపు పొద్దున. చెరువులో మొలలోతు మునిగిన కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు పెట్టుకుని ఉన్నాయి. వాచ్ టవర్ ఎక్కి నా జేబు కెమెరా జూమ్ మీట తిప్పాను. జర్రుమని గొట్టం బయటికొచ్చింది. తెర నిండా తల్లిపక్షి ముక్కు, ఆ ముక్కు కింది సంచిలో తల దూర్చిన పిల్ల. బటన్ నొక్కబోయేంతలో ఎర్రటి బ్యాటరీ గుర్తు ఒక్కసారి మెరిసింది, తెర నల్లబడింది. గొట్టం లోపలికి పోయే ఓపిక కూడా లేక బయటే ఉండిపోయింది. ముందు రోజు సాయంత్రం విజయవాడలో రైలెక్కబోతూ ఫుల్‌గా చార్జ్ చేశాను. తీసినవి నలభై ఫొటోలు. ఆ నలభై మాత్రం ఇప్పుడు చూసినా ముచ్చటగా ఉంటాయి.

బొమ్మ బాగుంటుంది, బ్యాటరీ నిలవదు. ట్రావెల్ జూమ్ కెమెరాలు వాడినవాళ్ళు తరచూ అనే మాటే ఇది. ఆ మెచ్చుకోలూ ఈ తిట్టూ ఒకే బేరంలోంచి వచ్చాయని నాకు తెలియడానికి చాలా కాలం పట్టింది.

డిజిటల్ కెమెరా పుట్టుకతోనే తిండిపోతు. 1975లో కొడాక్ ఇంజినీరు స్టీవెన్ సాసన్ తయారుచేసిన మొదటి నమూనా బరువు సుమారు 3.6 కిలోలు. అందులో 16 నికెల్ కాడ్మియం సెల్స్ కూర్చాడు. అంత చేస్తే అది తీసిన బొమ్మలో చుక్కలు 10 వేలు. ఆ బొమ్మను క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. దాని కన్ను సీసీడీ చిప్. వెలుగు పడ్డచోట పుట్టిన విద్యుదావేశాన్ని, బావి దగ్గర బారులు తీరినవాళ్ళు బిందెలు చేతులు మార్చుకున్నట్టు, ఒక గడి నుంచి పక్క గడికి తోస్తూ చివరిదాకా చేర్చాలి. ప్రతి తోపుకీ కరెంటు కావాలి. 1990లలో నాసా జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో ఎరిక్ ఫోసమ్ బృందం అంతరిక్ష నౌకల కోసమని సీమాస్ సెన్సర్‌ను తీర్చిదిద్దింది. అందులో ప్రతి గడికీ సొంత యాంప్లిఫయర్ ఉంటుంది, కరెంటు ఖర్చు బాగా తక్కువ. తర్వాత్తర్వాత అదే మన జేబుల్లోకి వచ్చింది.

జేబు కెమెరాకు దూరపుచూపు 2006లో వచ్చిందని చెప్పొచ్చు. ఆ ఏడాది పానాసోనిక్ టీజెడ్1 అనే మోడల్‌ను 10 రెట్ల జూమ్‌తో విడుదల చేసింది. టీజెడ్ అంటే ట్రావెల్ జూమ్. 2011 నాటి టీజెడ్20లో జూమ్ 16 రెట్లు, 2014 నాటి టీజెడ్60లో 30 రెట్లు. కెనాన్, సోనీ, నికాన్ కూడా ఈ పందెంలోకి దిగాయి. పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్ మెడలో వేలాడే పెద్ద లెన్సుల చూపు చొక్కా జేబులో ఎలా పట్టింది?

కిటుకు సెన్సర్‌లో ఉంది. పాత ఫిల్ము ముక్క 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 ఎత్తు. ఈ కెమెరాల్లో సెన్సర్ సుమారు 6.2 వెడల్పు, 4.6 ఎత్తు. చిటికెన వేలి గోరంత. బొమ్మ పడే చోటు చిన్నదైతే లెన్సూ చిన్నదైతే చాలు. ఫిల్ము మీద 384 మిల్లీమీటర్ల లెన్సు చేసే పని ఇక్కడ సుమారు 69 మిల్లీమీటర్ల లెన్సు చేస్తుంది. దాన్నీ ఒకదాంట్లో ఒకటి ఇమిడే గొట్టాలుగా మడిచి దాచారు. సెన్సర్ పెంచాలంటే జూమ్ వదులుకోవాలి. 2016లో టీజెడ్100 అనే మోడల్‌లో సెన్సర్ వైశాల్యం నాలుగింతలు చేసి, జూమ్‌ను మళ్ళీ 10 రెట్లకు దించారు.

లెన్సు, మోటార్లు, తెర, ఫ్లాష్ అన్నీ సర్దుకున్నాక మిగిలిన మూల బ్యాటరీది. దాంట్లో పట్టేది ఇంచుమించు 1000 మిల్లీ ఆంపియర్ అవర్లు. ఇవాళ్టి మామూలు ఫోన్లో 5000 ఉంటుంది. ఆ పిడికెడు మేత మీద ఎంతమంది బతకాలో చూడండి. తెర వెలుగుతూ ఉండాలి. తెర మీద దృశ్యం కదలాలంటే సెన్సర్ క్షణం ఆగకుండా పనిచెయ్యాలి. జూమ్ మోటారు, ఫోకస్ మోటారు, చెయ్యి వణుకును కనిపెట్టి లెన్సులో గాజును అటూ ఇటూ జరిపే యంత్రాంగం. ఫ్లాష్ వెలగాలంటే కెపాసిటర్‌ను 300 వోల్టుల దాకా నింపాలి.

అట్టపెట్టె మీద '200 ఫొటోలు', '260 ఫొటోలు' అని అంకె ఉంటుంది. అది జపాన్ కెమెరా పరిశ్రమ సంఘం సీపా పెట్టిన పరీక్ష లెక్క. గది వేడి 23 డిగ్రీలు, అర నిమిషానికో ఫొటో, ప్రతిసారీ జూమ్ కదపాలి, ఫొటో విడిచి ఫొటోకు ఫ్లాష్, పది ఫొటోలకోసారి ఆపి మళ్ళీ ఆన్ చెయ్యాలి. న్యాయమైన పరీక్షే. కానీ తీసిన ప్రతి బొమ్మనీ పక్కవాళ్ళకు చూపించే మన అలవాటు అందులో లేదు, మధ్యలో తీసే వీడియోలూ లేవు.

అయినా నలభైకే ఎందుకు చచ్చింది? ఇద్దరు దొంగలు దొరికారు. మొదటిది జీపీఎస్. కెమెరా ఆపేసినా దారిని నమోదు చేసుకుంటూ ఉండే సౌకర్యం నా మోడల్‌లో ఉంది, నేనే ఆన్ చేసి మరిచిపోయాను. 20 వేల కిలోమీటర్ల ఎత్తునుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్ కోసం రాత్రంతా ఇనప రైలుపెట్టెలో, సంచి అడుగున వెతుక్కుంటూ గడిపింది పాపం.

రెండోది వయసు. లిథియం అయాన్ బ్యాటరీ ముసలిదయ్యే కొద్దీ లోపల గ్రాఫైటు మీద ఒక పొర మందంగా పేరుకుంటుంది, దాంతో కరెంటు ప్రవాహానికి అడ్డు పెరుగుతుంది. పైపు పూడుకుపోతే ట్యాంకులో నీళ్ళున్నా, రెండు కుళాయిలు ఒకేసారి తిప్పగానే ధార పడిపోతుందే, అలాగన్నమాట. జూమ్ మోటారు కరెంటు లాగిన క్షణాన వోల్టేజి పడిపోతుంది. బ్యాటరీ అయిపోయిందనుకుని కెమెరా ఆగిపోతుంది. కాసేపాగి ఆన్ చేస్తే మళ్ళీ రెండు గీతలు చూపిస్తుంది! అందుకే నేను ఆ గీతల్ని నమ్మడం మానేశాను.

చిన్న బ్యాటరీ పెట్టారని నేను ఇంజినీర్లను తప్పుపట్టను. కానీ మోడల్‌కో ఆకారంలో బ్యాటరీ చేసి, పాత కెమెరాది కొత్తదాంట్లో పట్టకుండా చేశారే, అది మాత్రం వ్యాపారం.

2010లో ప్రపంచమంతటా 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు దుకాణాలకు చేరాయి, వాటిలో అత్యధికం జేబువే. 2020 నాటికి మొత్తం 90 లక్షల్లోపే. మిగతా పని ఫోన్లు లాక్కున్నాయి. అయినా దూరాన చెట్టు మీది పక్షి దగ్గర నా పాత కెమెరాకు ఇంకా విలువుంది. జీపీఎస్ ఆపేశాను, రెండో బ్యాటరీ కొన్నాను. విమానం ఎక్కేటప్పుడు దాన్ని చేతిసంచిలోనే ఉంచుతాను. విడి లిథియం బ్యాటరీలను చెక్-ఇన్ సామానులో వెయ్యనివ్వరు.

మీ బీరువాలోనూ ఇలాంటిది ఒకటి పడి ఉంటే, ఇవాళే బ్యాటరీ తీసి చూడండి. బాగుంటే సగం చార్జ్ చేసి, వేడి తగలని చోట విడిగా దాచండి. ఉబ్బి ఉంటే మాత్రం చార్జర్‌లో పెట్టొద్దు, పొడవొద్దు, చెత్తబుట్టలో వెయ్యొద్దు. ఈ-వేస్ట్ తీసుకునేచోట ఇచ్చేయండి.