కాచినా పోని నైట్రేటు

పర్యావరణ రసాయన ప్రయోగశాలలో శిక్షణకు చేరిన విద్యార్థి నేర్చుకునే తొలి పని నీటి నమూనా సేకరణ. పరీక్షించవలసిన బోరునీటితోనే సీసాను మూడుసార్లు తొలిచి నింపి, చోటు, తేదీ, వేళ రాసి, మంచుపెట్టెలో తేవాలి.

సెప్టిక్ ట్యాంకుల నుండి, ఎరువుల నుండి భూగర్భజలంలో చేరే నైట్రేటుకు రంగు, వాసన లేవు. తేటనీటిలోనూ దానిని స్పెక్ట్రోఫోటోమీటరు లెక్కకట్టి చూపుతుంది. భారతీయ ప్రమాణం ప్రకారం తాగునీటిలో హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు.

“మా ఇంట కాచిన నీళ్లే తాగుతాం” అనే విద్యార్థికి అసలు పాఠం ఇక్కడే. కాచితే క్రిములు నశిస్తాయి. నైట్రేటు పోదు, నీరు ఆవిరైన కొద్దీ గాఢత పెరుగుతుంది. హద్దు దాటిన నీటితో పాలపొడి కలిపి పడితే పసికందు రక్తానికి ప్రాణవాయువును మోసే శక్తి సన్నగిల్లవచ్చు. కనుక పసిబిడ్డ ఉన్న ఇంట బోరునీటిని పరీక్ష చేయించిన పిదపనే వాడాలి.