దిగివచ్చు లెక్క: పర్వతయాత్రకు సిద్ధపడు విధము

మన ప్రాంతమున కొండ యెక్కని బాలుడు గాని బాలిక గాని అరుదు. హోసూరున చంద్రచూడేశ్వరస్వామి దర్శనమునకు మెట్లెక్కినవారము. కృష్ణగిరి దుర్గమును, రాయకోట దుర్గమును చూచివచ్చినవారము. 1791లో మైసూరు యుద్ధకాలమున ఆంగ్లసైన్యము వశపఱచుకొనిన ఆ రాయకోట కొండను మన పిల్లలు ప్రొద్దున నెక్కి, మధ్యాహ్నమునకు దిగి, ఇంటికి వచ్చి సంకటి తినుచున్నారు. అందుచేత కొండ యెక్కుట యనగా కాళ్ల బలముతో ముగియు పని యని మనము తలచుట సహజము. ఎత్తయిన పర్వతముల విషయమున ఈ తలంపు ప్రమాదమును తెచ్చును. అచట కాళ్లకంటె ముందుగా పనిచేయవలసినవి కాగితము, కలము, కొంచెము గణితము. ఆ లెక్క యెట్టిదో ఈ వ్యాసమున వివరింతును.

“మనవంటివారి పిల్లలకు హిమాలయములతో ఏమి పని?” యని కొందఱు తల్లిదండ్రులు అడుగవచ్చును. 2014 మే 25వ తేదీన ఎవరెస్టు శిఖరముపై నిలిచిన మాలావత్ పూర్ణ యను బాలిక నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునకు చెందినది. వ్యవసాయ కూలీల బిడ్డ. అప్పటి కామెకు పదునాలుగేండ్లు నిండలేదు. అంత చిన్నవయసున ఆ శిఖరము నెక్కిన బాలిక అంతకు ముందు లేదు. ఆమెతో కూడ ఎక్కిన సాధనపల్లి ఆనందకుమార్ ఖమ్మము జిల్లావాడు. ఇరువురును సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులే.

వారు ఒక్కసారిగా ఎవరెస్టునకు పోలేదు. మొదట భువనగిరి రాతిగుట్టపై త్రాడు పట్టి ఎక్కుట, దిగుట నేర్చిరి. భువనగిరి మన కృష్ణగిరివలె కోట గల బండకొండయే. పిదప 1954లో స్థాపితమైన డార్జిలింగు హిమాలయ పర్వతారోహణ విద్యాలయమున శిక్షణ పొంది, రెనాక్ శిఖరము నెక్కిరి. ఆ తరువాత చలికాలమున లడఖ్ ప్రాంతమునకు పోయి, గడ్డకట్టించు చలిని ఓర్చుట అలవఱచుకొనిరి. ఇన్ని మెట్లు దాటిన మీదటనే టిబెట్టు వైపు మార్గమున ఎవరెస్టునకు పోయిరి. అదే ఏడు ఏప్రిల్ 18న నేపాళము వైపు మార్గమున మంచుచరియ విఱిగిపడి పదునాఱుగురు నేపాళ దేశీయులు మరణించిరి. పర్వతమున ఆటకు, ఆపదకు నడుమ దూరము ఎంత తక్కువయో దీనివలన తెలియగలదు.

మఱియొకరి కథ చెప్పెదను. నెల్లూరు జిల్లాలో పుట్టిన మల్లి మస్తాన్‌బాబు కోరుకొండ సైనిక పాఠశాలలో చదివెను. ఆ పాఠశాల పూర్వవిద్యార్థి యైన లెఫ్టినెంట్ ఉదయభాస్కరరావు 1985లో ఎవరెస్టు యాత్రలో ప్రాణములు విడిచెను. పాఠశాలలోని ఆయన విగ్రహము ఈ బాలుని మనస్సున పర్వతములపై ఆసక్తిని కలిగించినది. పెరిగి పెద్దవాడై, 2006లో ఏడు ఖండముల అత్యున్నత శిఖరములను 172 దినములలో ఎక్కి మస్తాన్‌బాబు లోకమున పేరు పొందెను. అంతటివాడు 2015 మార్చి 24న, దక్షిణ అమెరికాలోని ఆండీసు పర్వతములలో, ఒక శిఖరమునకు ఒంటరిగా బయలుదేరి తిరిగిరాలేదు. ఏప్రిల్ తొలిదినములలో ఆయన దేహము లభించినది. ఆ మహనీయుని తప్పెంచుట మన ఉద్దేశము కాదు. అంతటి అనుభవశాలికిని అట్టి గతి కలిగినపుడు, కొత్తగా నడక నేర్చువారు ఎంత జాగ్రత్త వహింపవలెనో తెలిసికొనుటకే ఈ మాట వ్రాసితిని.

శిఖరము చేరుట యాత్రలో సగము మాత్రమే. క్షేమముగా ఇల్లు చేరినగాని యాత్ర ముగిసినట్లు కాదు. కావున పర్వతయాత్రకు లెక్క వేయువారు చివరనుండి మొదటికి వేయవలెను: ఎప్పుడు ఇల్లు చేరవలెను? అందుకు ఏ వేళకు వెనుదిరుగవలెను? అందుకు ఏ వేళకు బయలుదేరవలెను? ఇది దిగివచ్చు లెక్క. ఇందు ఐదు భాగములు కలవు.

మొదటిది గాలి లెక్క. ఎత్తునకు పోయినకొలది గాలి పలుచబడును. సముద్రతీరమున గాలి పీడనము నూఱు పాళ్లనుకొన్నచో, 5,500 మీటర్ల ఎత్తున దాదాపు ఏబది పాళ్లే ఉండును. 8,849 మీటర్ల ఎవరెస్టుపై ఇంచుమించు మూడవవంతు. ఒక ఊపిరికి లభించు ప్రాణవాయువును ఆ మేరకే తగ్గును. శరీరము ఈ కొఱతకు అలవాటు పడగలదు గాని, దానికి దినములు పట్టును. అందుచే 3,000 మీటర్లు దాటిన పిదప, నిద్రించు చోటు ఒక దినమునకు 500 మీటర్లకు మించి పెరుగరాదనియు, మూడు నాలుగు దినముల కొకసారి ఎత్తు పెంచక విశ్రమింపవలెననియు వైద్యులు చెప్పుదురు. పగలు కొంత పైకి పోయి, రాత్రికి క్రిందికి వచ్చి పండుకొనుట మంచి పద్ధతి. మన హోసూరు ఎత్తు సుమారు 900 మీటర్లు. లేహ్ పట్టణపు ఎత్తు సుమారు 3,500 మీటర్లు. విమానమున అచట దిగినవారు మొదటి రెండు దినములు ఊరక విశ్రమించుట మేలు. ఇది సోమరితనము కాదు, యాత్రలో భాగమే.

తలనొప్పి, వికారము, ఆకలి లేమి, నిద్రపట్టకుండుట: ఇవి ఎత్తు పడని గుర్తులు. ఇవి కనిపించినచో మఱి పైకి పోరాదు. కూర్చుండియున్నను ఆయాసము తగ్గకున్న, నడకలో తూలుచున్న, మాట తడబడుచున్న, అవి ప్రాణాపాయపు గుర్తులు. రాత్రియైనను సరే, రోగిని తోడుంచుకొని వెంటనే క్రిందికి దింపవలెను. మందులు సాయపడును గాని, దిగుటకు బదులు కానేరవు. తలనొప్పిని దాచి, “నాకేమియు లేదు” అనుట ధైర్యము కాదు. తోడివారి ప్రాణములకును ముప్పు తెచ్చుటయే.

రెండవది చలి లెక్క. వెయ్యి మీటర్ల ఎత్తునకు సుమారు ఆఱున్నర డిగ్రీలు వేడి తగ్గును. ఈ లెక్కన హోసూరికంటె 4,000 మీటర్లు ఎత్తయిన చోట 26 డిగ్రీలు తక్కువగా ఉండవలెను. మన యూర 25 డిగ్రీల సుఖమైన వేళ, అట్టి యెత్తున నీరు గడ్డకట్టునన్నమాట. గాలి వీచినను, బట్టలు తడిసినను చలి ఇంకను బాధించును. నూలుబట్ట తడిసినచో త్వరగా ఆఱదు, వెచ్చదనము నీయదు. ఉన్నిబట్ట తడిసినను కొంత వెచ్చగా నుంచును. ఒకే లావుపాటి కోటుకంటె పలుచని ఉన్నిబట్టలు రెండు మూడు, వానికి పైన వానను గాలిని ఆపు అంగీ యొకటి మేలు. నడచునపుడు విప్పవచ్చును, నిలిచినపుడు తొడుగవచ్చును.

ఎత్తునకు పోయినకొలది నీరు తక్కువ వేడిమికే మఱుగును. ఇంచుమించు 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున తగ్గి, 4,500 మీటర్ల ఎత్తున 85 డిగ్రీలకే మఱుగును. అచట తెఱచిన గిన్నెలో కందిపప్పు ఎంతసేపు కాచినను సరిగా ఉడకదు. అందుచే ప్రెషర్ కుక్కరు వలయును. లేకున్న వంట అక్కఱలేని ఆహారము కొనిపోవలెను. అటుకులు, పేలపిండి, వేరుసెనగ ఉండలు, బెల్లము, ఎండుద్రాక్ష మన ఇండ్ల నుండి ఇవ్వదగినవి. బరువు తక్కువ, బలము ఎక్కువ.

మూడవది కాలపు లెక్క. 1892లో నెయిస్మిత్ అను స్కాట్లండు దేశీయుడు ఒక సూత్రము చెప్పెను. సమనేలపై గంటకు 5 కిలోమీటర్ల నడక. ఎక్కు ప్రతి 600 మీటర్లకును మఱియొక గంట. పది కిలోమీటర్ల దూరమున, 600 మీటర్ల ఎత్తున నున్న చోటికి పోవలెననుకొనుడు. దూరమునకు రెండు గంటలు, ఎత్తునకు ఒక గంట, మొత్తము మూడు. ఇది బలిష్ఠులైన పెద్దల నడక. మూట మోయు పిల్లలకు, మధ్య విశ్రాంతులకు సగము కలిపినచో నాలుగున్నర గంటలు. దిగుటకు రెండు గంటలు, వానికి సగము కలిపి మూడు. ఉన్నత పర్వతములలో గాలి పలుచదనముచే ఇది ఇంకను పెరుగును.

ఇప్పుడు వెనుకనుండి రండు. హిమాలయములలో పలుమారు మధ్యాహ్నమునకు మబ్బు క్రమ్మును గనుక, రెండు గంటలకు విడిది చేరవలెనని నిర్ణయింతము. దిగుటకు మూడు గంటలు తీసివేసిన, పదునొకండు గంటలకు వెనుదిరుగవలెను. ఎక్కుటకు నాలుగున్నర తీసివేసిన ఆఱున్నర. అరగంట మిగులు ఉంచుకొని ఆఱింటికి బయలుదేరవలెను. పదునొకండు కొట్టువేళకు శిఖరము నూఱు అడుగుల దూరముననే యున్నను వెనుదిరుగవలసినదే. ఈ మాట కొండపైన కాక, ఇంటివద్దనే నిశ్చయించుకొనవలెను. ఏలయన అలసినవేళ, శిఖరము కన్నుల యెదుట నుండగా, సరియైన నిర్ణయము చేయుట కడు కష్టము.

నాల్గవది మూట లెక్క. పెద్దవాడు తన బరువులో ఐదవవంతు మోయుట మేలు. బాలురకు ఏడవవంతు చాలును. నలుబది కిలోల బాలుడు ఆఱు కిలోలకు మించి మోయరాదు. రెండు లీటర్ల నీరే రెండు కిలోలు. మిగిలిన నాలుగింటిలో ఆహారము, ఉన్నిబట్ట, వాన అంగీ, టార్చిలైటు, ఈల, అగ్గిపెట్టె, గాయములకు మందుకట్టు, ఉప్పు, చక్కెర ఇమడవలెను. పటము, దిక్సూచి నాయకునివద్ద ఉండవలెను. సెల్‌ఫోను ఉన్నది గదా యని పటము విడువరాదు. కొండల నడుమ సంకేతము అందదు, చలికి బ్యాటరీ త్వరగా నీరసించును.

ఐదవది మనుష్యుల లెక్క. ఒంటరిగా పోరాదు. నడక వేగమును అందఱిలో మెల్లగా నడచువాడు నిర్ణయింపవలెను. ముందొక పెద్ద, వెనుకనొక పెద్ద ఉండవలెను. నాయకుడు “దిగుదము” అన్నపుడు వాదింపరాదు. పోవువారి పేర్లు, దారి, బయలుదేరు వేళ, తిరిగివచ్చు వేళ, ఆ వేళ దాటినచో ఎవరికి తెలుపవలెనో ఒక కాగితమున వ్రాయవలెను. మన ప్రాంతమువారు ఇది రెండు ప్రతులు వ్రాయుట మంచిది: తల్లిదండ్రులు చదువుటకు తెలుగున ఒకటి, అటవీ ఉద్యోగులు చదువుటకు తమిళమున ఒకటి. మనము నేర్చిన రెండు భాషలును ఇచట ప్రాణరక్షణకు అక్కఱకు వచ్చును.

అనుమతి విషయము ఉపేక్షింపరాదు. 2018 మార్చి 11న తేని జిల్లా కురంగణి కొండలలో పాదయాత్రికులు కార్చిచ్చున చిక్కి, ఇరువదిమందికి పైగా మరణించిరి. అది ఎండాకాలపు ఆరంభము, గడ్డి ఎండియున్నది, వారు నడచిన దారికి అనుమతి లేదని పిమ్మట తెలిసినది. మన దెంకణికోట, అంచెట్టి వైపు మేలగిరి అడవులలో కొంతభాగము 2014లో ఉత్తర కావేరి వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటింపబడినది. అది ఏనుగులు తిరుగు చోటు. రాగి పంట కోతకు వచ్చు కాలమున అవి పొలములకును వచ్చునని మన రైతులకు తెలియును. అట్టి అడవిలో అనుమతి లేక అడుగు పెట్టరాదు. తమిళనాడు ప్రభుత్వము 2024లో రాష్ట్రమంతట నలుబది నడకదారులను ఏర్పఱచి, మార్గదర్శకులను నియమించినది. అట్టి దారులనే ఎన్నుకొనుట శ్రేయము.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీ కుమారుడు గాని కుమార్తె గాని కొండకు పోయెదనని అడిగినపుడు వెంటనే కాదనకుడు. వెంటనే సరే యనకుడు. “నీ కాగితమేది?” అని అడుగుడు. వెనుదిరుగు వేళ అందు వ్రాసియున్నదా, తోడు పెద్దలెవరు, అనుమతి యున్నదా అని చూడుడు. కాగితము సరిగా నున్న బిడ్డకు మీ ఆశీస్సు లీయుడు.

విద్యార్థులారా! హిమాలయములు దూరము; రాయకోట దగ్గఱ. వచ్చు సెలవులలో ఉపాధ్యాయునితో కూడ అచటికి పోవునపుడు, ముందురోజే ఈ ఐదు లెక్కలును వేయుడు. ఎక్కుటకు, దిగుటకు పట్టిన వేళ గడియారము చూచి వ్రాయుడు. మీరు వేసిన లెక్కకును, పట్టిన కాలమునకును ఎంత భేదమున్నదో చూడుడు. ఆ భేదమే మీ కాళ్లు మీకు నేర్పు పాఠము; మఱుసటి లెక్కలో దానిని కలుపుకొనుడు. పూర్ణకును మొదటి పాఠము భువనగిరి గుట్టయే కదా!