మూడో నెల దాకా దాచకండి

మన తెరుబలిలో నెల తప్పిన సంగతి మూడో నెల దాటేదాకా బయటపెట్టరు, దిష్టి తగుల్తుందని. దిష్టి నేనూ తీయిస్తాను. కానీ ఒళ్లు ఆగదు కదా!

వేవిళ్లు, రొమ్ముల సలుపు, మాటిమాటికీ ఒంటేలు, ఎంత పడుకున్నా తీరని నిద్ర మామూలే. పొట్ట కనపడకముందే ఒంట్లో రక్తం పెరగడం మొదలవుద్ది. ఆఖరుసారి బయట చేరిన రోజునుంచి లెక్కేస్తే, ఇంచుమించు 6 వారాలకే బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం మూసుకుంటుంది. దానికి కావలసిన ఫోలిక్ యాసిడ్ మాత్ర మూడో నెలలో మొదలెడితే ఏం లాభం? బిడ్డ కావాలనుకున్నప్పుడే మొదలెట్టాలి.

ఇంకోటి. రాయగడ, కొరాపుట్ వైపు సికిల్ సెల్ జబ్బు ఉంది. ఆయాసం, కళ్లు పాలిపోవడం వేవిళ్ల నీరసమని వదిలేయకండి, రక్తపరీక్ష అడగండి.

వీధికి చెప్పొద్దులే, ఆశా దీదీకి చెవిలో చెప్పండి. పొత్తికడుపు నొప్పితో రక్తం కనపడితే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు, ఆసుపత్రికి పదండి.