ఆత్మప్రబోధం ఎవరిది? 1969 రాష్ట్రపతి ఎన్నికను గూర్చి



రాష్ట్రపతి ఎన్నికను గూర్చి సంఘపత్రికలో ఎందుకు అని కొందరు అడగవచ్చు. ఆ ఎన్నికలో మనకు ఓటు లేదు. ఎలమంచిలిలో గాని అచ్యుతాపురంలో గాని ఎవరి ఇంటికీ ఓటరు స్లిప్పు రాదు, మైకు కట్టిన ఆటో తిరగదు. ఎన్నికైన ఎంపీలు, ఎమ్మెల్యేలు మాత్రమే ఓటు వేస్తారు. అయినా ఆ ఓటు మన పేరు మీదనే పడుతుంది. 1971 జనాభా లెక్క ప్రకారం రాష్ట్ర జనాభాను 175 శాసనసభ స్థానాలకు పంచి, వచ్చినదానిని వెయ్యితో భాగిస్తే 159 వస్తుంది. 2022లో మన రాష్ట్రంలో ఒక్కొక్క ఎమ్మెల్యే ఓటు విలువ అదే. ఆనాడు లెక్కకు వచ్చిన మన అమ్మానాన్నలు, తాతలు, అవ్వలు అందరూ ఆ అంకెలో ఉన్నారు.

ఈ ఎన్నికకు ఇంకొక ప్రత్యేకత ఉంది. ఇందులో పార్టీలు విప్ జారీ చేయవు. ఓటు రహస్యం. పార్టీ చెప్పినవారికి వేయనందుకు పదవి పోదు. అందుకే ప్రతిసారీ ఎవరో ఒకరు మనస్సాక్షి ప్రకారం ఓటు వేయండి అంటారు. 2022లో యశ్వంత్ సిన్హాగారు అన్నారు. ఆ సంవత్సరం మన రాష్ట్రంలో అధికారపక్షం, ప్రతిపక్షం రెండూ ద్రౌపది ముర్ముగారినే బలపరిచాయి. ఆంధ్రప్రదేశ్ శాసనసభ నుండి సిన్హాగారికి ఒక్క ఓటు కూడా రాలేదు. ముర్ముగారి యోగ్యతను గూర్చి మాకు ఏ సందేహమూ లేదు. కాని అన్ని మనస్సాక్షులూ ఒక్క స్వరంతో పలికితే, ఆ పలికినది మనస్సాక్షా, పార్టీ కార్యాలయమా అని ఆగి ఆలోచించుకోవడం తప్పు కాదు.

ఈ మాట దేశమంతటా మారుమ్రోగినది 1969లో. ఆ పోటీలో ముందు నిలిచిన ఇద్దరూ తెలుగువారే కాబట్టి, ఆ చరిత్ర మన పిల్లలకు తెలియాలి.

1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్‌గారు పదవిలో ఉండగానే మరణించారు. ఉపరాష్ట్రపతి వి.వి. గిరిగారు తాత్కాలికంగా ఆ బాధ్యత తీసుకున్నారు. జూలైలో బెంగుళూరులో కాంగ్రెస్ పెద్దలు కూడి, ప్రధానమంత్రి ఇందిరాగాంధీగారికి ఇష్టం లేకపోయినా, మెజారిటీతో నీలం సంజీవరెడ్డిగారిని అభ్యర్థిగా నిర్ణయించారు. ఆయన అప్పుడు లోక్‌సభ స్పీకరు. పోటీ కోసం ఆ పదవికి రాజీనామా చేశారు. ఆయన నామినేషన్ పత్రం మీద ప్రధానమంత్రి కూడా సంతకం చేశారు. ఈ సంతకాన్ని పాఠకులు గుర్తు పెట్టుకోవాలి.

గిరిగారు తన పదవి వదులుకొని స్వతంత్రంగా నిలబడ్డారు. రాష్ట్రపతీ లేరు, ఉపరాష్ట్రపతీ లేరు. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లాగారు జూలై 20 నుండి ఆగస్టు 24 వరకు రాష్ట్రపతి బాధ్యతలు చూశారు. స్వతంత్ర పార్టీ, జనసంఘ్ మూడవ అభ్యర్థిగా సి.డి. దేశ్‌ముఖ్‌గారిని నిలబెట్టాయి. కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్పగారు ఆ రెండు పార్టీలవారిని కలిసి, మీ రెండవ ప్రాధాన్యం ఓట్లు మా అభ్యర్థికి ఇవ్వండి అని అడిగారు. ఇది తెలిసి ప్రధానమంత్రి పక్షం మండిపడింది. సొంత పార్టీ అభ్యర్థికే ఓటు వేయమని చెప్పడానికి ఆమె నిరాకరించారు. మీ అంతరాత్మ చెప్పినట్టు వేయండి అన్నారు. మన తెలుగు పత్రికలకు ఆత్మప్రబోధం అన్న మాట అప్పటి నుండి అలవాటైపోయింది.

ఆగస్టు 16న పోలింగు. మొత్తం 15 మంది అభ్యర్థులు. ఈ ఎన్నికలో ఓటరు పేర్ల ఎదుట 1, 2, 3 అని ప్రాధాన్యం రాస్తాడు. మొదటి లెక్కలో గిరిగారికి 4,01,515, సంజీవరెడ్డిగారికి 3,13,548, దేశ్‌ముఖ్‌గారికి 1,12,769 ఓట్ల విలువ వచ్చింది. గెలవడానికి 4,18,169 కావాలి. ఎవరికీ రాలేదు. వెనకబడినవారిని ఒక్కొక్కరినే తప్పించి, వారి ఓట్లలోని తరువాతి ప్రాధాన్యాలు కలిపారు. చివరికి గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డిగారికి 4,05,427. తేడా 14,650. మన దేశంలో రెండవ ప్రాధాన్యం ఓట్లు లెక్కించి రాష్ట్రపతిని తేల్చడం అదే మొదటిసారి. మూడు నెలలు తిరగకముందే కాంగ్రెస్ రెండుగా చీలిపోయింది.

ఈ చరిత్రను మేము సంప్రదాయవాదుల కన్నుతో చూస్తాము. అది దాచుకోవలసిన సంగతి కాదు. పదవి మనిషి కంటె పెద్దదనీ, ఇచ్చిన మాట అవసరం కంటె పెద్దదనీ, పెద్దలు కట్టిన కట్టుబాటును మార్చాలంటే ముందుగా, ముఖాముఖిగా చెప్పి మార్చాలనీ నమ్మేవారము మేము. ఆనాటి స్వతంత్ర పార్టీ తరఫున మాట్లాడటం లేదు. నిడుబ్రోలు రంగాగారి పార్టీ అంటే మా పెద్దలలో కొందరికి అభిమానం ఉండేది గాని, రెండవ ప్రాధాన్యం ఓట్ల బేరసారాలలో ఆ పార్టీకీ చెయ్యి ఉంది. మేము అడిగేది ఒకటే. నామినేషన్ మీద సంతకం చేసేటప్పుడు అంతరాత్మ ఎక్కడ ఉంది? ఆ సంతకం ఇష్టం లేకుండా చేసినదైతే, మాట్లాడవలసిన సమయం అదే. చేయను అని ఉంటే నష్టం ఆమెకే కలిగేది. చేసిన తరువాత అంతరాత్మ మేలుకొంటే ఆ నష్టం ఇంకొకరి మీద పడింది.

రెండవ పక్షమూ చెప్పాలి. పార్టీ పెద్దలు తనను పదవి నుండి దించడానికే ఈ అభ్యర్థిని తెచ్చారని ఆమె అనుమానించారు. ఆ అనుమానానికి ఆధారం లేకపోలేదు. ఆ పెద్దలు కూడా సిద్ధాంతం కోసం కాక పట్టు కోసం పోరాడినవారే. అయితే ఎదుటివాని పన్నాగం మన సంతకాన్ని రద్దు చేయదు. పదిహేనవ కీర్తనలో దావీదు దేవుని గుడారంలో ఉండదగిన మనిషిని వర్ణిస్తూ, ఒట్టు పెట్టుకున్నాక తన చేతి సొమ్ము పోయినా వెనక్కి తగ్గనివాడిని చూపిస్తాడు. మాకు తెలిసిన సంప్రదాయవాదం అంతకంటె పెద్దదేమీ కాదు.

చిత్రమేమిటంటే, పోటీపడిన ఆ ఇద్దరు తెలుగువారూ అంతకుముందే మనస్సాక్షి కోసం పదవులు వదులుకొన్నవారు. గిరిగారు 1952లో మన ఉత్తరాంధ్రలోని పాతపట్నం నుండి లోక్‌సభకు వెళ్లి కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల జీతాలపై ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో మంత్రి పదవికి రాజీనామా చేశారు. సంజీవరెడ్డిగారు ముఖ్యమంత్రిగా ఉండగా బస్సు రూట్ల జాతీయకరణ కేసులో సుప్రీంకోర్టు ప్రతికూలంగా వ్యాఖ్యానించింది. ఆయన 1964లో పదవి వదిలిపెట్టారు. ఈ రెండు చోట్లా మనస్సాక్షికి వెల ఎవరు కట్టారో చూడండి. ఎవరి మనస్సాక్షియో వారే కట్టారు. ఈ తూకంతోనే మిగతావన్నీ తూచవచ్చునని మా అభిప్రాయం.

ఇక్కడ మాట అర్థాన్ని గూర్చి కొంచెం చెప్పాలి. రాజకీయాలలో ఆత్మప్రబోధం అంటారు. మన తెలుగు బైబిలులో వాడిన మాట మనస్సాక్షి. రెండూ ఒకటే అనుకుంటాము గాని ధ్వని వేరు. ప్రబోధం అంటే లోపలి నుండి వచ్చే ఆజ్ఞ వంటిది. సాక్షి అంటే చూచినది చూచినట్టు చెప్పేవాడు. గ్రీకులో సునైదేసిస్ అన్న పదానికి కలిసి తెలిసియుండడం అని అర్థం. అంటే నేను చేసినదానిని నాతో కూడ ఎరిగినవాడు లోపల ఒకడున్నాడు. సాక్షి చట్టం చేయడు, తీర్పు తీర్చడు. చట్టం ఇంకొకరిది. పౌలు రోమా పత్రిక రెండవ అధ్యాయంలో అన్యజనుల హృదయాలలో రాయబడిన ధర్మశాస్త్రాన్ని గూర్చి చెప్పి, వెంటనే మనస్సాక్షిని దాని పక్కన సాక్షిగా నిలబెడతాడు. తిమోతికి రాసేటప్పుడు, వాత పెట్టబడి స్పర్శ పోయిన మనస్సాక్షి కూడా ఉంటుందని హెచ్చరిస్తాడు. కాబట్టి నా మనస్సాక్షి చెప్పింది అన్నంతమాత్రాన వాదం ముగియదు. ఆ సాక్షి చెడిపోయాడా, ఎవరైనా కొన్నారా అని వాక్యపు వెలుగులో అడగాలి.

మనలో చాలామంది బాప్టిస్టు సంఘాలవారము. కెనడియన్ బాప్టిస్టు మిషనరీలు ఎలమంచిలి వచ్చిన నాటి నుండి మనస్సాక్షి స్వేచ్ఛ అన్న మాట వింటూ పెరిగాము. ఆ మాట వెనుక ఒక జైలు ఉందని మరచిపోతున్నాము. 1612లో థామస్ హెల్విస్ అనే ఇంగ్లీషు బాప్టిస్టు ఒక పుస్తకం రాసి, ప్రజల ఆత్మల మీద రాజుకు అధికారం లేదని మొదటి జేమ్స్ రాజుకే చెప్పాడు. ఆయనను లండనులోని న్యూగేట్ జైలులో వేశారు. అక్కడి నుండి ఆయన బయటికి రాలేదు. మనకు ఇంగ్లీషు బైబిలు ఇచ్చిన రాజు, బాప్టిస్టుకు జైలు ఇచ్చిన రాజు ఒక్కడే అన్నది సెమినరీ తరగతిలో అందరినీ కాసేపు నిశ్శబ్దంగా ఉంచే సంగతి.

1969 ప్రచారంలో ఇంకొక సంగతి మన కాలానికి బాగా దగ్గరది. సంజీవరెడ్డిగారి నడతను గూర్చి నీచమైన రాతలతో పేరులేని కరపత్రం ఒకటి పార్లమెంటు సెంట్రల్ హాలులో చేతులు మారింది. ఎన్నిక చెల్లదని వేసిన పిటిషన్లలో ఆ కరపత్రం ముఖ్యమైన అంశమైంది. రాష్ట్రపతిగా ఉన్న గిరిగారు 1970లో తానే సుప్రీంకోర్టుకు వెళ్లి సాక్ష్యం చెప్పారు. ఆయనకు దానితో సంబంధం ఉందని రుజువు కాలేదు, పిటిషన్లు కొట్టివేశారు. కాని ఆ కాగితం చదివి నవ్వుకొని పక్కవారికి అందించినవారు మర్యాదస్థులే, చదువుకున్నవారే. ఈనాడు ఆ పని వాట్సాప్ చేస్తున్నది. సంఘపు గ్రూపులో ఉదయం వాక్యం పంపిన వేలే సాయంత్రం అడ్రసు లేని నింద పంపుతున్నది. ఫార్వర్డ్ చేసినవాడు నేను రాయలేదు కదా అంటాడు. తొమ్మిదవ ఆజ్ఞ అబద్ధసాక్ష్యాన్ని రాసినవానికే కాదు, పలికినవానికి కూడా వర్తిస్తుంది.

ఇక మా బోధకుల సంగతి. ఎన్నికల కాలంలో అభ్యర్థులు ఆరాధనకు వచ్చి ముందు వరుసలో కూర్చుంటారు. ప్రార్థన చేయమంటారు. చేయాలి. అధికారుల కోసం ప్రార్థించమని తిమోతికి రాసిన మొదటి పత్రిక రెండవ అధ్యాయం ఏ పార్టీ అధికారి అని అడగలేదు. ఆ రాసిన నాటికి రోమును ఏలుతున్నది నీరో. కాని ప్రార్థన చేయడం వేరు, ప్రార్థన పేరిట సంఘాన్ని అప్పగించడం వేరు. ఫలానా వారు మా పక్షం అని మైకులో చెప్పి, తరువాత ఎవరి మనస్సాక్షి ప్రకారం వారు వేసుకోండి అనడంలో అర్థం లేదు. పాస్టర్లకు ప్రభుత్వం నెలకు 5,000 రూపాయల గౌరవవేతనం ఇస్తున్నది. ఒక ప్రభుత్వం మొదలుపెట్టింది, మరొకటి కొనసాగించింది. గ్రామాలలో చాలా పేద సేవకుల ఇంట్లో ఆ డబ్బుతోనే బియ్యం వస్తున్నవి. తీసుకున్నందుకు ఎవరినీ తక్కువ చేయము. అది ప్రజల పన్ను సొమ్ము గనుక, ఏ పార్టీకీ మన పులపీటం బాకీ లేదు. ఈ సంగతి ఇచ్చేవారికీ పుచ్చుకొనేవారికీ ఒకసారి స్పష్టంగా చెప్పుకోవడం మంచిది.

ఓడిన సంజీవరెడ్డిగారు ఇల్లూరుకు వెళ్లి వ్యవసాయం చేసుకున్నారు. 1977లో నంద్యాల నుండి లోక్‌సభకు గెలిచారు. ఆంధ్రప్రదేశ్‌లో జనతా పార్టీకి దక్కిన స్థానం అదొక్కటే. అదే సంవత్సరం పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. జూలై 25న ప్రమాణం చేశారు. అప్పటి నుండి రాష్ట్రపతులందరూ ఆ తేదీననే ప్రమాణం చేస్తున్నారు.

మళ్లీ ఆ తేదీకి, 2027 జూలైలో, కొత్తగా ప్రమాణం జరగాలి. అంతకుముందు వారాలలో ఓటు వేయబోయే మన ఎంపీ, ఎమ్మెల్యేల పేర్లు చదివి ఆదివారపు విజ్ఞాపన ప్రార్థనలో పెట్టాలని సంఘకాపరులను కోరుచున్నాము. అభ్యర్థుల పేర్లు వద్దు. ఎమ్మెల్యేగారు ఏ పండుగకో మన గుడికి వస్తే, పెద్దలు కాఫీ ఇచ్చేటప్పుడు ఒక్క ప్రశ్న మర్యాదగా అడగవచ్చు. అయ్యా, మా 159లో మీరు ఎవరి మాట వింటారు అని.