కొండపల్లి బొమ్మను ఎక్కడ కొనవలెను?

కొండపల్లి బొమ్మను మెచ్చుకొనని తెలుగువారు అరుదు. మెచ్చుకొన్నవారిలో దానిని చేసినవాని యంగడికి పోయి కొన్నవారు ఎందరు? ఆ గ్రామము విజయవాడకు దూరము కాదు. కాజీపేట రైలుమార్గము మీదనే యున్నది. కోట చూడవచ్చినవారు సయితము బొమ్మల కాలనీ త్రొక్కక మరలిపోవుచున్నారు. పిమ్మట నగరములోని పెద్ద దుకాణమున అదే యంబారీ యేనుగును అధికమైన వెలకు కొని, స్వదేశీ కళను పోషించితిమని తృప్తి పడుచున్నారు!

ఆ యేనుగు ఎట్లు పుట్టునో తెలిసికొన్నచో వెల సంగతి బోధపడును. దీనికి మూలము పొణికి కర్ర. ఆ చెట్టు కొండపల్లి యడవులలో పెరుగును. కర్ర మిక్కిలి తేలిక, మెత్తన. దానిని ఎండబెట్టి, సన్నని సెగపై కాచి, చెమ్మ తీసినగాని పనికి పెట్టరు. తొండము, కాళ్లు, మావటివాని చేతులు వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండియు రంపపు పొట్టును కలిపిన మక్కుతో అతుకుదురు. ఆకురాయితో నునుపు చేసి, సుద్ద పూసి, అది యారిన పిదప మేకవెంట్రుకల కుంచెతో రంగులు దిద్దుదురు. ఒక్కొక్క పనికి నడుమ ఆరుటకై వేచియుండవలెను. ఇంటిల్లిపాదియు ఇందులో చేయి వేయుదురు. తమ పూర్వులు రాజస్థానమునుండి వచ్చిరని చెప్పుకొను ఆర్యక్షత్రియ కుటుంబములు ఈ విద్యను తరతరములుగా కాపాడుచున్నవి.

ఇంత శ్రమను అచ్చులో పోసిన ప్లాస్టిక్కు బొమ్మతో సరితూచి, చెప్పిన వెలలో సగమునకు బేరమాడుట మనకు పరిపాటియైనది. ధాన్యమునకు గిట్టుబాటు ధర లేదని సభలు చేయు రైతుపెద్దలే, దశావతారముల వరుస వెల వినగానే కనుబొమలు ముడుచుట చిత్రము. పండించిన పంటకు ఒక న్యాయము, చెక్కిన కర్రకు మరియొక న్యాయమా?

బేరముకంటె పెద్ద చిక్కు కాలమునకు సంబంధించినది. మనకు బొమ్మలు జ్ఞప్తికి వచ్చునది కొలువు పెట్టు పండుగ దినములలోనే. చేయువానికో, కర్రయు రంగులును ఏడాది పొడుగునను కొనవలసియుండును. పొయ్యిలో పిల్లి లేవని దినములు నడుమనే వచ్చును. అట్టి వేళ రొక్కము చూపువాడు తాను పలికిన ధరకే సరకు పట్టుకొనిపోవును. కావున సంక్రాంతి కొలువునకు కావలసిన వానిని ఆషాఢములోనే చెప్పి, కొంత పైకము ముందుగా నిచ్చు గృహస్థుడు చేయు మేలు, పండుగముందు పరుగెత్తి కొనువాడు చేయలేడు. పైగా, ఎడ్లబండి చక్రము ఊడినను, గీతకాని చేయి విరిగినను, మరల అతికి రంగు దిద్దగలవాడు చేసినవాడే. పెద్ద దుకాణము బొమ్మను అమ్మును, బాగుచేయ నేరదు.

ప్రభుత్వము చేసినది లేకపోలేదు. 1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టము క్రింద కొండపల్లి బొమ్మ నమోదైనది. 2020లో విదేశీ ఆటబొమ్మలపై సుంకమును నూటికి 20 నుండి 60కి పెంచిరి. 1907లో బిపిన్ చంద్రపాలుడు బెజవాడలో స్వదేశీవ్రతమును బోధించిన నాడు మనకు ఇట్టి యధికారము లేదు. అయినను చట్టము పేరును కాపాడునుగాని, కొనువానిని కొండపల్లికి నడిపింపదు. చెట్టును మొలిపింపదు.

చెట్టు మాట విడువరానిది. పొణికి తరిగిపోవుచున్నదని పనివారు మొరపెట్టుకొనుచున్నారు. కర్ర దొరకనినాడు నేర్పు ఎంత యున్నను నిష్ఫలము. కుమారులు వేరు వృత్తులకు పోవుటకు ఇదియు నొక హేతువు. ఇది కొండనేల చెట్టు. డెల్టా పంటచేలకు చెప్పదగినది కాదు. మైలవరము, నందిగామ ప్రాంతములలో మెట్టలు గలవారు కొందరైనను గట్లపై ఈ మొక్కలను నాటి, కర్ర చేతికి వచ్చిననాడు దానిని బొమ్మల కాలనీవారికే న్యాయమైన ధరకు ఇత్తుమని ముందుగా మాట యియ్యవచ్చును. మొక్క మ్రానగుటకు ఏండ్లు పట్టును గనుక ఈ వానకారునందే మొదలిడవలెను.